వైశాఖంలో తడి గొంగడి

మీలో ఎవరైనా కొత్తగా ఆరోగ్య శాఖలో చేరి, చేతికిచ్చిన రూళ్ళ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని తిరుగుతూ ఉంటే ఈ నాలుగు పేజీలు మీకోసమే. నేను ముప్పై ఏళ్ళకు పైగా ఆ పుస్తకంతోనే బతికాను. దాన్ని తిట్టడానికి రాయడం లేదు. అది ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో నాకు తెలుసు. కానీ దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించి నేను ఒక మనిషిని చంపబోయాను. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు చెప్పినప్పుడల్లా నా తప్పును కాస్త తగ్గించి చెప్పాను. ఈసారి తగ్గించను.

అప్పుడు మనది మద్రాసు ప్రభుత్వం. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. మద్రాసులో శానిటరీ ఇన్‌స్పెక్టరు ట్రైనింగు ముగించుకుని, ఖాకీ నిక్కరు వేసుకుని, నెత్తిన టోపీ, జేబులో థర్మామీటరుతో మార్కాపురంలో దిగాను. నాకు ఇరవై మూడేళ్ళు. మీసం ఇంకా సరిగా రాలేదు గాని అధికారం మాత్రం వచ్చేసింది.

నాతో పాటు ఊళ్ళు తిరగడానికి టీకాలు వేసే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. ఆయనది గిద్దలూరు వైపు, మా నాయన వయసు. ఉద్యోగంలో నాకన్నా కింద, మిగతా అన్నిటిలోనూ పైన. ఏ ఊరికి ఏ దారిన పోవాలో, ఎవరింట మజ్జిగ దొరుకుతుందో, ఏ ఇంటి కుక్క కరుస్తుందో అన్నీ ఆయనకు తెలుసు. నాకు తెలిసిందల్లా క్రిములు.

ఆ వైశాఖంలో త్రిపురాంతకానికి పడమరగా, నల్లమల కింద ఉన్న ఒక చిన్న ఊళ్ళో కలరా తగిలిందని కబురొచ్చింది. అప్పటికే ముగ్గురు పోయారు. ఎద్దుల బండి మీద మేమిద్దరం పోయేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఊరికంతా ఒకటే బావి. మొదట దాని దగ్గరికే పోయాను, పుస్తకంలో మొదటి పేజీ అదే కాబట్టి.

బావి గట్టుకు ఆనుకుని ఒక రాతి తొట్టి ఉంది. పశువుల తొట్టి అనుకున్నాను. నీళ్ళు తోడుకునే ఆడవాళ్ళు మొదటి చేద దాంట్లో పోసి, రెండో చేద నుంచి తమ కడవ నింపుకుంటున్నారు. ఒకావిడ కాదు, వచ్చిన ప్రతి ఆవిడా అంతే. ఇదేం ఆచారమో అనుకుంటూ చూస్తున్నాను. ఇంతలో ఎండలో నుంచి ఒక గొర్రెలకాపరి వచ్చాడు. ఒంటి మీద నల్ల గొంగడి. వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం, గొంగడి! నేరుగా తొట్టి దగ్గరికి వచ్చి, గొంగడి విప్పి దాంట్లో ముంచి, పిండకుండానే మళ్ళీ కప్పుకున్నాడు. నీళ్ళు ధారలుగా కారి, రాళ్ళ సందుల్లోంచి తిరిగి బావిలోకే పోతున్నాయి.

ఊళ్ళో కలరా, గొర్రెల మురికి నిండిన గొంగడి, దాన్ని కడిగిన నీళ్ళు బావిలోకి! మద్రాసులో మాకు బొమ్మ గీసి చూపించిన తప్పు ఇదే. ఊరిని చంపుతున్నది ఏదో వచ్చిన పది నిమిషాల్లోనే కనిపెట్టేశానని లోలోపల పొంగిపోయాను కూడా.

అతన్ని దగ్గరగా చూశాను. ముప్పై ఏళ్ళుంటాయి. తల మీద వెంట్రుకలు పలచగా, పసిపిల్లల నెత్తి మీద ఉన్నట్టు ఉన్నాయి. కనుబొమలు లేవనే చెప్పాలి. నుదురు ముందుకు ఉంది. పలకరిస్తే నవ్వాడు. నోట్లో పళ్ళు మూడో నాలుగో, అవీ మొనదేలి ఉన్నాయి. చర్మం పలచగా, పొడిగా, కళ్ళ చుట్టూ నల్లగా ముడతలు పడి ఉంది. గొంతు బొంగురు. అయినా ముఖంలో ఎంత మంచితనమో. "యాడి నుంచి వచ్చినారు సామీ, ఎండన పడి? మజ్జిగ తాగినారా?" అని అడిగాడు. నేను ఊరి తలారి వైపు తిరిగి, తొట్టి ఖాళీ చేసి బోర్లించమని హుకుం ఇచ్చాను.

మా టీకాలాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఆ తొట్టి జోలికి పోవద్దు సారూ. నేను ఇరవై ఏండ్ల నుంచి చూస్తన్నా. ఇది ఈ ఊరి కట్టు. ఎందుకని నేనెప్పుడూ అడగలే, వాళ్ళూ చెప్పలే. గాని దాన్ని మాత్రం కదిలించొద్దు."

"కలరాకు కట్టుబాట్లు తెలియవండీ" అన్నాను. ఆ మాట అప్పుడు నాకే చాలా బాగుందనిపించింది.

బావిలో క్రిములను చంపే ఎర్రమందు కలిపించి, చేదలు, తాళ్ళు తీయించి, చుట్టూ కంప వేయించాను. తాగే నీళ్ళు అరమైలు దూరంలో ఉన్న వాగు చెలమ నుంచి తెచ్చుకోవాలి, కాచి తాగాలి, గుడ్డలూ గొంగళ్ళూ నీళ్ళ దగ్గరికి తేకూడదు అని చాటింపు వేయించాను. అప్పుడు ఒక ఆడమనిషి ముందుకు వచ్చింది. కాపరికి అక్క. ముప్పై దాటి ఉంటాయి, ఏడో నెల కడుపుతో ఉంది. "మా తమ్ముడు తడి లేకుంటే బతకడు సామీ" అంది. ఏ ఊరికి పోయినా ఇన్‌స్పెక్టరుకు ఇలాంటి మాట ఒకటి ఎదురవుతుంది. పలానా చెట్టు కొడితే వంశం నిలవదంటారు, పలానా గుంట పూడిస్తే వాన పడదంటారు. ఇదీ ఆ జాతి మాటే అనుకున్నాను. "రెండు వారాలు ఓర్చుకోమ్మా" అని ముందుకు సాగాను.

మర్నాడు టీకాలాయన పక్క ఊరికి పోయాడు. నేను ఇల్లిల్లూ తిరుగుతూ పొద్దెక్కేవేళకు కాపరి ఇంటికి వచ్చాను. అక్క చెలమకు పోయిందట. అతను వట్టి నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, చెంప మట్టికి ఆనించి. థర్మామీటరు పెడితే నూట నాలుగు. వాంతి లేదు, విరేచనం లేదు. కానీ కలరా ఊళ్ళో జ్వరం మనిషిని వేరు చేయాలన్నది రూలు. అతను ఏదో గొణిగాడు, 'తడి' అన్న ముక్క తప్ప ఏమీ అర్థం కాలేదు. తలారి కూడా "సామీ, ఆయనకు తడి..." అని మొదలుపెట్టాడు. మునసబుతో చెప్పి ఉద్యోగం ఊడగొట్టిస్తానన్నాను. పాపం, మంచం తేవడానికి పోయాడు.

ఊరి పడమర అనుమానం రోగుల కోసం బోద కప్పిన కొట్టం ఒకటి వేయించి ఉన్నాను. అతన్ని మంచం మీద వేయించి అక్కడికి మోయించాను. ఆ రోజుల్లో జ్వరం వస్తే చెమట పట్టించాలనేది డాక్టరు దగ్గర నుంచి అవ్వ దాకా అందరూ ఒప్పుకున్న వైద్యం. నా పెట్టెలో చెమట పట్టించే మిక్చరు ఉంది. రెండు మోతాదులు తాగించాను. సర్కారు కంబళి, పొడిది, గడ్డం దాకా కప్పించాను. గాలి తగలకుండా తడిక వేసి, ఎవర్నీ లోపలికి పోనీయవద్దని తలారిని కాపలా పెట్టి, మిగతా ఇళ్ళు చూడటానికి పోయాను. ప్రతి పనీ పుస్తకంలో ఉన్నట్టే చేశాను.

గంటో గంటన్నరో గడిచాక, ఊరి రెండో కొసన ఉన్న నా దగ్గరికి అక్క వచ్చింది. ఏడో నెల మనిషి, ఆ ఎండలో చెప్పుల్లేని కాళ్ళతో నన్ను వెతుక్కుంటూ వీధులన్నీ తిరిగింది. చంకలో నిండు కడవ. ఏడవలేదు, అరవలేదు.

"సామీ, నా తమ్ముడికి చెమట పట్టదు. పుట్టినప్పటి నుంచీ పట్టదు. నువ్వు ఆడ మూసిపెట్టినావంట. తలారి నన్ను పోనీలే. వాడు లోపల ఉడికిపోతన్నాడు."

"చెమట పట్టకపోవడం ఏమిటమ్మా? మందు ఇచ్చాను. పడుతుంది."

"ముప్పై ఏండ్లకు పట్టంది నీ మందుకు పడతాదా? వచ్చి చూడు. పట్టినట్టు ఒక్క బొట్టు చూపిచ్చు, నేను ఎల్లిపోతా."

ఆమె గొంతులో ఏముందో గాని, నేను పరిగెత్తాను. తడిక తీయగానే వేడి ముఖాన కొట్టింది. కంబళి లాగేశాను. రెండు మోతాదుల మందు, మందపాటి కంబళి, వైశాఖపు ఎండ, గాలి ఆడని కొట్టం. ఆ కొట్టంలో నిలబడిన అరనిమిషానికే నా చొక్కా ఒంటికి అంటుకుపోయింది. అతని ఒంటి మీద చెయ్యి వేస్తే మార్కాపురం పలకను ఎండలో ఆరబెట్టి ముట్టుకున్నట్టుంది. నుదురు పొడి, మెడ పొడి. చంకలో వేలు పెట్టి చూశాను, అక్కడా పొడే. కళ్ళు తేలేసి ఉన్నాడు, చేతులు కొట్టుకుంటున్నాయి. థర్మామీటరులో పాదరసం చివరి గీత దాకా పోయి, ఇంక పోవడానికి చోటు లేక ఆగింది.

నేను చదువుకున్న ఏ పుస్తకంలోనూ ఇలాంటి మనిషి లేడు. తప్పు చేశానన్న భయం కన్నా ముందు నాకు కలిగింది ఒక రకమైన దిగ్భ్రమ. మన అందరి ఒంట్లోనూ అడక్కుండా జరిగిపోయే పని ఇతని ఒంట్లో లేదు. ముప్పై వేసవులు, ఈ సీమలో, గొర్రెల వెనక తిరిగి ఎలా బతికాడు?

అక్క తన కడవ అతని తల మీద నుంచి కాళ్ళ దాకా ఒంపింది. నీళ్ళు తగిలిన చోట ఆవిరి వచ్చిందంటే మీరు నమ్మరు, నేను రాయను. అయితే ఆ ఒక్క కడవ ఏ మూలకూ చాలలేదు. చెలమకు పోయి రావాలంటే మైలు నడక.

"బావి నీళ్ళు ఇయ్యి సామీ."

"దాంట్లో మందు కలిపాం. తాగకూడదు."

"తాగతామన్నానా? పోస్తామంటన్నా!"

ఇంత చదివినవాణ్ణి, ఆ సంగతి నాకు తట్టలేదు. నేను అవునని తల ఊపేలోపలే ఆమె కొట్టం ముందుకు పోయి నిలబడి, ఊరి వైపు తిరిగి ఒకే ఒక్క కేక వేసింది.

"తడీ!"

ఆ తరువాత జరిగింది నేను ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు. నా చాటింపులకు భయపడి తలుపులు వేసుకున్న ఊరు మొత్తం తలుపులు తెరుచుకుంది. ఒకావిడ చేతికి జొన్నపిండి అంటుకునే ఉంది. ఒక ముసలాయన గోచీ సర్దుకుంటూ వచ్చాడు. నాలుగు రోజుల కిందట భర్తను కలరాకు పోగొట్టుకున్న మనిషి కూడా కడవ పట్టుకుని వచ్చింది. ఆమెను నేనే గడప దాటవద్దన్నాను. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బావి నుంచి కొట్టం దాకా బారు దానంతటదే కట్టుకుంది. ఎవరు ఎక్కడ నిలబడాలో అందరికీ ముందే తెలిసినట్టుంది. తలారి కంప ఎత్తి అవతల పారేసి తోడటం మొదలుపెట్టాడు. చేదలు నేను దాయించిన చోటు నుంచి ఎవరు తెచ్చారో తెలియదు. నిండు కడవలు చేతి నుంచి చేతికి ముందుకు, ఖాళీ కడవలు వెనక్కి. ఎవరి కడవ ఎవరు ముట్టుకున్నారో ఆ పూట ఎవరూ చూడలేదు. సాయంత్రానికి ఆ లెక్కలు తీసినవాళ్ళూ ఉన్నారు. అబద్ధం ఎందుకు?

బారులో ఒకచోట ఖాళీ ఉంది. అది నాకోసమే అన్నట్టు ఒక ముసలమ్మ "ఏంది నాయనా చూస్తావు, అందుకో" అంది. అందుకున్నాను.

ఎర్రమందు నీళ్ళలో తడిసి అతని ఒళ్ళంతా గులాబీ రంగుకు తిరిగింది. తడి గొంగడి వేసి, అది వెచ్చబడగానే తీసి ముంచి మళ్ళీ వేశారు. విసనకర్రలతో ఇద్దరు విసురుతూనే ఉన్నారు. నేను కాసేపటికోసారి థర్మామీటరు పెట్టి చూస్తున్నాను. పాదరసం చాలాసేపు కదల్లేదు. తరువాత ఒక గీత దిగింది, ఇంకో గీత దిగింది. నూట ఒకటికి వచ్చేసరికి అతను కళ్ళు తెరిచి అక్కను చూసి, నన్ను చూసి, ఆ బొంగురు గొంతుతో "సామీ, మజ్జిగ తాగినారా?" అన్నాడు. నేను కొట్టం వెనక్కి పోయి ఏడ్చాను.

పొద్దు వాలాక అక్క నాకు సంగతంతా చెప్పింది. వాళ్ళ అమ్మ తమ్ముడు ఇట్లాంటివాడే. ఆయన మేనమామ కూడా ఇట్లాంటివాడే. "ఆడోళ్ళం మోస్తాం సామీ, మొగోళ్ళకు వస్తాది. నాకు సగమే." ఆమె రెండు చేతులూ చాపి చూపించింది. కుడి ముంజేతి మీద చెమట చారికలు ఉన్నాయి, ఎడమ ముంజెయ్యి పొడిగా ఉంది. "మా మామ వీడు పుట్టకముందే పోయినాడు. యాడనో మేతకు దూరం పోయి, ఎండలో పడి. ఆయన పోయినాకనే ఊరోళ్ళు ఆ తొట్టి పెట్టినారు. వీడు యాడున్నా ఎవరు కనపడినా చెంబుడు పోస్తారు. దేవుడు వాడికి పెట్టని చెమట ఊరు పెడతాది."

నేను ఆమె కడుపు వైపు చూశాను. నా చూపు ఆమె గమనించింది.

"మొగపిల్లోడైతే ఎట్లని గదా? రావొచ్చు, రాకపోవచ్చు. ఎండ చెప్పాల."

కర్నూలుకు రిపోర్టు రాశాను, ఏమీ దాచకుండా. ఆరోగ్యాధికారి కచ్చేరీ నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది. అనుమానం రోగి కోలుకున్నందుకు సంతోషం, ఇకముందు రిపోర్టులు నిర్ణీత ఫారములోనే పంపాలి. మార్కాపురం ఆసుపత్రి డాక్టరుగారు మాత్రం నా మాట విని, కాపరిని పిలిపించి గంటసేపు చూశారు. పళ్ళు, వెంట్రుకలు, చెమట మూడూ తల్లి కడుపులో చర్మం నుంచే మొలుస్తాయని, ఆ చర్మానికే ఏదో తక్కువై పుట్టాడని, దీనికి మందు లేదని అన్నారు. "మందు ఉంది సార్, ఊళ్ళో" అన్నాను. ఆయన నవ్వలేదు.

బావికీ కలరాకూ నేను చెప్పిన సంబంధం అబద్ధం కాదు. గొంగడి నీళ్ళు బావిలోకి పోకూడదు. అందుకని ఊరి పెద్దలతో కూర్చుని మాట్లాడి, తొట్టిని పల్లానికి ముప్పై అడుగులు దూరం జరిపించాను. బావి గట్టు నుంచి తొట్టి దాకా నాపరాళ్ళతో చిన్న కాలువ కట్టుకున్నారు. గట్టు మీద మొదటి చేద పోస్తే అదే జారి తొట్టిలో పడుతుంది. ఉద్యోగంలో నేను చేసిన పనుల్లో చెప్పుకోదగింది అదొక్కటే. ఈ మాట మొదటే అడిగి ఉంటే సగం పూటలో తేలిపోయేది.

మరుసటి ఏడు చైత్రం చివర, టీకాల పని మీద మా టీకాలాయనతో కలిసి మళ్ళీ ఆ ఊరు పోయాను. అక్కకు శ్రావణంలో మగపిల్లవాడు పుట్టాడని ముందే విన్నాను. వానలు, చలి గడిచిపోయాయి. చలికాలంలో ఏ పిల్లవాడి ఒళ్ళయినా ఒకటే. మేము పోయిన రోజు ఆ ఏటి మొదటి గట్టి ఎండ. ఆమె పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని తొట్టి గట్టు మీద, ఎండలోనే కూర్చుని ఉంది. తమ్ముడు తడి గొంగడితో పక్కన నిలబడ్డాడు. బావి దగ్గర ఉన్న ఆడవాళ్ళు తోడటం ఆపి ఇటే చూస్తున్నారు.

నేను టోపీ సర్దుకుని వాడి ముఖం మీదికి వంగాను. ఎనిమిది నెలల బిడ్డ. జుట్టు పలచన. పళ్ళు ఇంకా రాలేదు, వచ్చి తీరాలనే వయసూ కాదు. బుగ్గలు ఎర్రగా కందాయి. ముక్కు కింద, పై పెదవి మీద, మెడ మడతలో చూశాను. నా జన్మలో దేనికోసమూ అంతగా చూడలేదు. ఒక్క బొట్టు చాలు తండ్రీ అనుకున్నాను. అంతలో వాడి నుదుటి మీద, సరిగ్గా నడిమధ్య, ఒక బొట్టు మెరిసింది.

"పట్టింది!" అని అరిచాను. "పట్టిందమ్మా! చూడు, చెమట!"

ఆడవాళ్ళు నాలుగడుగులు ముందుకు వచ్చారు. అక్క తొందరపడలేదు. పైట చెంగుతో ఆ బొట్టు మెల్లగా తుడిచింది. తుడిచి, నుదుటి నుంచి కన్ను తీయకుండా ఎదురుచూసింది. మేమందరం ఎదురుచూశాం. నుదురు పొడిగానే ఉంది. పిల్లవాడు చిరాకుగా మూలిగాడు.

ఆమె తలెత్తి నా ముఖం చూసింది. నా కణతల నుంచి, ముక్కు కొస నుంచి చెమట కారుతోంది.

"అది నీది సామీ" అంది.

ఆమె బావి వైపు తిరిగి మామూలు గొంతుతో "వదినా, ఇంకోటి" అంది. ఆ వదిన ఒక చేద పోసింది, ఆగి రెండోది కూడా పోసింది. నీళ్ళు నాపరాళ్ళ మీదుగా జారి తొట్టిలోకి వచ్చాయి.

అప్పుడు ఆ తమ్ముడు తన గొంగడి మడతలో నుంచి మూరెడు గొంగడి ఒకటి తీశాడు. కొత్తది, గొర్రెపిల్లల ఉన్నితో నేసింది, మెత్తగా ఉంది. చలికాలంలోనే నేయించి దాచిపెట్టుకున్నాడట, ఎండ చెప్పేదాకా ఎవరికీ చూపించకూడదని. దాన్ని తొట్టిలో ముంచి పిల్లవాడికి చుట్టాడు. మూలుగు ఆగింది. వాడు మేనమామ బోసి నోటి వైపు చూసి నవ్వాడు.

"ఏడవొద్దు సామీ" అన్నాడు నాతో, పిల్లవాణ్ణి భుజానికెత్తుకుంటూ. "నాకు నేర్పేదానికి మామ లేకపోయె. వీడికి నేనుండా గదా."

నేను టోపీ తీసి గట్టు మీద పెట్టి, బావి దగ్గరికి పోయి చేద అందుకున్నాను.